అమానతుగా వచ్చే గుండె: మార్పిడికి ముందు ఊపిరితిత్తుల ఒత్తిడిని ఎందుకు కొలుస్తారు?

రాయదుర్గం వైపు మెట్ట పల్లెల్లో మాది ఒకటి. మా మస్జిదులో పదకొండు సంవత్సరాలపాటు ఫజర్ అజాన్ ఒకే కంఠంలో వినిపించింది. మా ముఅజ్జిన్ సాహెబ్ పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుని జీన్స్ ప్యాంట్లు కుట్టేవారు. అయినా ఐదు పూటలా వేళ తప్పకుండా వచ్చి అజాన్ ఇచ్చేవారు. ఒకనాటి తెల్లవారుజామున ఆయన కంఠం అజాన్ మధ్యలో ఆగింది. కొన్ని క్షణాల తరువాత మళ్లీ మొదలైంది. మైకులో ఏదో లోపమని అనుకున్నాము. లోపం మైకులో లేదు, ఆయన శ్వాసలో ఉంది.

తరువాతి నెలల్లో కాళ్లు వాచాయి. రాత్రి పడుకుంటే దగ్గు వచ్చి, లేచి కూర్చుంటే గాని ఊపిరి అందేది కాదు. అనంతపురంలో తీసిన ఎకో పరీక్షలో గుండె సాగి, పెద్దదై, కండరం బలహీనపడిందని తేలింది. వైద్యులు దీనిని డైలేటెడ్ కార్డియోమయోపతి అంటారు. ఏడాదిపాటు మందులు వాడినా ఫలితం అంతంత మాత్రమే. చివరికి బెంగళూరులోని ఒక ఆసుపత్రికి పంపారు. గుండె మార్పిడి ఒక్కటే మిగిలిన దారి కావచ్చునని అక్కడి వైద్యులు చెప్పారు. అయితే పేరును నిరీక్షణ జాబితాలో చేర్చే ముందు ఆసుపత్రిలో చేర్చుకుని ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడిని కొలవాలన్నారు.

ఆ పరీక్ష గురించే ఈ వ్యాసం. దానిని గురించి మాకు తెలియనప్పుడు మేము చెప్పిన ఒక మాట గురించి కూడా.

మేము చెప్పిన మాట

బెంగళూరు నుంచి తిరిగి వచ్చిన రోజు ముఅజ్జిన్ సాహెబ్ భార్య మా ఇంటికి వచ్చింది. "హజ్రత్, జబ్బు గుండెకు, పరీక్ష ఊపిరితిత్తులకా? ఇది కూడా అయిన తరువాత చూస్తామంటున్నారు. వద్దనడానికి ఇదొక సాకేమో అనిపిస్తోంది. మీరేమంటారు?" అని అడిగింది. వారి దగ్గర మిగిలిన డబ్బు ఎంతో మాకు తెలుసు. రమజాన్ నెల దగ్గర పడుతోంది. "తొందర లేదు బేటీ, రమజాన్ గడవనివ్వండి, తరువాత చూద్దాము. సబర్ చేయండి" అన్నాము.

మా మాటకు ఆ ఇంట్లో విలువ ఉంది. అందువల్ల వారు ఆగారు. రమజాన్‌లో ఆయన ఉపవాసాలు పాటించారు. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రవిసర్జనకు వెళ్లవలసి వస్తుందని, తరావీహ్ నమాజులో వుజూ నిలవదని ఆ మాత్ర మానేశారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. మేము అడగనూ లేదు. రోగికి ఉపవాసం విషయంలో ధర్మం ఇచ్చిన సడలింపును ఏటా తరగతి గదిలో బోధించే మేము, కళ్లెదుటే ఉన్న రోగిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

నాలుగు నెలల తరువాత ఆయనను మళ్లీ బెంగళూరుకు తీసుకువెళ్లేటప్పుడు కారు వెనుక సీటులో పడుకోబెట్టి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఈసారి మేము కూడా వెంట వెళ్లాము. అక్కడి యువ వైద్యురాలు ఒక కాగితంపై బొమ్మ గీసి మాకు అరగంటసేపు పాఠం చెప్పారు. ఈ వయసులో మేము విద్యార్థిగా కూర్చుని విన్న ఆ పాఠాన్ని, తరువాత చదివి తెలుసుకున్న దానితో కలిపి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

రక్తం నడిచే బాట

గుండెకు రెండు వైపులున్నాయి. కుడివైపు గది శరీరమంతా తిరిగి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకున్న రక్తం ఎడమవైపుకు చేరుతుంది. ఎడమ గది దానిని శరీరమంతటికీ పంపుతుంది.

ఈ బాటను మొట్టమొదట సరిగా వర్ణించిన వ్యక్తి మన మద్రసాల సంప్రదాయానికి చెందినవారే. దమస్కులో విద్యాభ్యాసం చేసి కైరోలో స్థిరపడిన ఇబ్ను నఫీస్ వైద్యుడు మాత్రమే కాదు, షాఫియీ ఫిఖ్‌హ్ బోధించిన ఉపాధ్యాయుడు కూడా. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా రక్తం వెళుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటను లోకం వెయ్యేళ్లపాటు నమ్మింది. ఇబ్ను సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగాలకు 1242లో రాసిన వ్యాఖ్యానంలో ఇబ్ను నఫీస్ దానిని ఖండించారు. ఆ గోడ గట్టిది, అందులో దారి లేదు, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు చేరాలి అన్నది ఆయన వాదన. ఇంగ్లాండులో విలియం హార్వే రక్తప్రసరణపై గ్రంథం ప్రచురించినది 1628లో. ఇబ్ను నఫీస్ 1288లో కన్నుమూసేముందు తన ఇంటిని, గ్రంథాలయాన్ని కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి రాసి ఇచ్చారు. ఆయన రాత ప్రతి ఒకటి బెర్లిన్‌లో ఉందని 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు గుర్తించేవరకు లోకానికి ఈ సంగతి తెలియలేదు.

పూర్వీకుల ఘనత చాటుకోవడానికి ఈ ప్రస్తావన తేలేదు. "జబ్బు గుండెకు, పరీక్ష ఊపిరితిత్తులకా?" అన్న ప్రశ్నకు జవాబు ఇబ్ను నఫీస్ రాసిన ఆ బాటలోనే ఉంది. గుండె ఎడమవైపు బలహీనపడితే రక్తం ముందుకు సాగదు. వెనక్కు, అంటే ఊపిరితిత్తుల్లోకి, ఎగదన్నుతుంది. అక్కడి సన్నని నాళాలు నెలలు, సంవత్సరాలు ఆ ఒత్తిడిని మోస్తాయి. మొదట అవి బిగుసుకుంటాయి. కాలం గడిచేకొద్దీ వాటి గోడలు మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపోటు పెరిగే ఈ స్థితిని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీకి, దీనికి పొంతన లేదు. చేతి బీపీ తక్కువగా ఉన్నవారిలో కూడా ఊపిరితిత్తుల ఒత్తిడి ఎక్కువగా ఉండవచ్చు.

కొత్త మోటారు, పాత పైపు

మన అనంతపురం సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అదీ నమ్మకం లేని వాన. అందుకే ఇక్కడ బోరుబావి గురించి తెలియని పిల్లవాడు ఉండడు. మూడు వందల అడుగుల లోతుకు తగిన మోటారును తొమ్మిది వందల అడుగుల బోరులో దించితే ఏమవుతుంది? మోటారు కొత్తదే, మంచిదే. కాని అంత ఎత్తుకు నీటిని తోయడానికి దాని శక్తి చాలదు. పైపు లోపల ఉప్పు పేరుకుని ఇరుకైతే బరువు ఇంకా పెరుగుతుంది. కొద్దిసేపటిలో మోటారు కాలిపోతుంది. తప్పు మోటారుది కాదు, పైపును చూడకుండా దించినవారిది.

దాత గుండె ఆరోగ్యవంతుని ఛాతీలో పనిచేసిన గుండె. ఊపిరితిత్తుల్లోని కొద్దిపాటి ఒత్తిడికే దాని కుడి గది అలవాటు పడింది, అందుకే దాని గోడ పలచగా ఉంటుంది. రోగి సొంత గుండె కుడివైపు సంవత్సరాల తరబడి ఎదురొత్తిడిని మోస్తూ కొంత గట్టిపడి ఉంటుంది. కొత్త గుండెకు ఆ వ్యవధి ఉండదు. ఎదురొత్తిడి మరీ ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్స ముగిసిన కొన్ని గంటల్లోనే కుడి గది ఉబ్బి, చతికిలబడుతుంది. మార్పిడి తరువాత తొలి రోజుల్లో సంభవించే మరణాలకు ముఖ్యమైన కారణాల్లో కుడి గది వైఫల్యం ఒకటి.

కాబట్టి ఆ పరీక్ష రోగిని తిప్పి పంపడానికి వెదికిన సాకు కాదు. మోటారు దించే ముందు పైపును చూడటం అది.

ఎలా కొలుస్తారు?

ఎకో పరీక్షలో ఈ ఒత్తిడిని అంచనా మాత్రమే వేయగలరు. ఇంత పెద్ద నిర్ణయానికి అంచనా చాలదు. మెడలోని సిరలో గాని, తొడ మొదట్లోని సిరలో గాని, మత్తు సూదితో ఆ చోటును మాత్రమే మొద్దుబార్చి, సన్నని మెత్తని గొట్టాన్ని లోపలికి పంపుతారు. రోగి మేలుకునే ఉంటారు. గొట్టం కొసన చిన్న బుడగ ఉంటుంది. ఆ బుడగ రక్త ప్రవాహంతో పాటు తేలుతూ గుండె కుడి గదులను దాటి ఊపిరితిత్తుల ధమనిలోకి చేరుతుంది. ప్రతి మజిలీలో ఒత్తిడిని కొలుస్తారు. దీనినే కుడి గుండె కేథటరైజేషన్ అంటారు.

గుండెలోకి గొట్టమంటే భయం సహజం. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే యువ వైద్యుడు తన సొంత చేతి సిర గుండా గుండె వరకు గొట్టం పంపుకుని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆనాడు మందలింపులు పొందిన ఆయన 1956లో మరో ఇద్దరు వైద్యులతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. బుడగ గల గొట్టాన్ని స్వాన్, గాంజ్ అనే వైద్యులు 1970లో వైద్యలోకానికి పరిచయం చేశారు. రక్తస్రావం, గుండె లయ తాత్కాలికంగా తప్పడం వంటి ఇబ్బందులు అరుదుగా కలగవచ్చు. అనుభవం గల చేతుల్లో ఇది సురక్షితమైన పరీక్షే.

మూడు సంఖ్యలు, ఒక లెక్క

పరీక్షలో ముఖ్యంగా మూడు సంఖ్యలు చూస్తారు. మొదటిది ఊపిరితిత్తుల ధమనిలోని సగటు ఒత్తిడి. ఆరోగ్యవంతులలో ఇది పాదరస మానంలో సుమారు 14 మిల్లీమీటర్లు. 20 దాటితే ఒత్తిడి పెరిగినట్లు లెక్క. రెండవది బుడగను ఉబ్బించి చిన్న నాళంలో నిలిపినప్పుడు తెలిసే వెడ్జ్ ఒత్తిడి. గుండె ఎడమవైపు నుంచి వెనక్కు ఎంత ఎగదన్నుతున్నదో ఇది చెబుతుంది. 15 దాటితే బరువు ఎడమవైపు నుంచి వస్తున్నదని అర్థం. మూడవది గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తాన్ని పంపుతున్నది అన్నది.

మొదటి సంఖ్య నుంచి రెండవ దానిని తీసివేసి, మిగిలిన దానిని మూడవ సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఊపిరితిత్తుల నాళాల నిరోధం. దానిని వుడ్ యూనిట్లలో చెబుతారు. నీలగిరుల్లోని కూనూరులో 1907లో జన్మించి, లండన్‌లో గుండె వైద్యునిగా పేరుగాంచిన పాల్ వుడ్ పేరు మీద ఆ కొలత వచ్చింది. ఆరోగ్యవంతులలో ఇది 2 యూనిట్ల లోపే ఉంటుంది.

మా ముఅజ్జిన్ సాహెబ్ కాగితంలో ఆ రోజు ఉన్న సంఖ్యలు ఇవి: సగటు ఒత్తిడి 46, వెడ్జ్ 28, నిమిషానికి 3 లీటర్లు. 46 నుంచి 28 తీసివేస్తే 18. దానిని 3తో భాగిస్తే 6 యూనిట్లు. తరగతి గదిలో వారసత్వ వాటాల లెక్కలు చెప్పే మాకు ఈ లెక్క కష్టం కాలేదు. దాని అర్థమే కష్టమైంది. నిరోధం 5 యూనిట్లు దాటితే మార్పిడిలో ప్రమాదం బాగా ఎక్కువని వైద్యులు పరిగణిస్తారు. వ్యత్యాసం 15 దాటడం కూడా అలాంటి హెచ్చరికే.

తగ్గే ఒత్తిడి, తగ్గని ఒత్తిడి

సంఖ్య ఎక్కువగా వచ్చినంత మాత్రాన తలుపు మూసుకున్నట్లు కాదు. నాళాలు కేవలం బిగుసుకుని ఉన్నాయా, లేక గోడలే మందమై మారిపోయాయా అన్నది తరువాతి ప్రశ్న. బిగువైతే సడలుతుంది. గోడ మారిపోతే సులభంగా తగ్గదు.

అది తెలుసుకోవడానికి గొట్టం లోపల ఉండగానే నాళాలను సడలించే మందు ఇచ్చి మళ్లీ కొలుస్తారు. కొన్నిచోట్ల నైట్రిక్ ఆక్సైడ్ వాయువును పీల్పిస్తారు, కొన్నిచోట్ల సిరలో మందు ఎక్కిస్తారు. గుండె, ఊపిరితిత్తుల మార్పిడి వైద్యుల అంతర్జాతీయ సంఘం 2016లో సవరించిన మార్గదర్శకాలు దీనికి హద్దులు చెబుతున్నాయి. ఊపిరితిత్తుల ధమనిలో పై ఒత్తిడి 50 లేదా అంతకు మించి ఉండి, వ్యత్యాసం 15కు చేరినా, నిరోధం 3 యూనిట్లు దాటినా ఈ మందు పరీక్ష చేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మందుతో ఊపిరితిత్తుల నిరోధం తగ్గినా, శరీరంలోని పై బీపీ 85 కంటే కిందికి పడిపోతే దానిని విజయంగా లెక్కించరు. మార్పిడి తరువాత కుడి గది దెబ్బతినే ప్రమాదం అలాంటివారిలో ఇంకా ఎక్కువగానే ఉంటుంది.

మా ముఅజ్జిన్ సాహెబ్ విషయంలో జరిగినది అదే. మందు ఎక్కించగానే బీపీ పడిపోయింది. ఆ రోజు ఆయన పేరు జాబితాలో చేరలేదు.

ఆసుపత్రి వరండాలో వైద్యురాలిని మేము ఒక ప్రశ్న అడిగాము. "నాలుగు నెలల ముందే వచ్చి ఉంటే ఈ సంఖ్య తక్కువగా ఉండేదా అమ్మా?" ఆమె కాసేపు ఆలోచించారు. "అప్పుడు కొలవలేదు కాబట్టి చెప్పలేను. నీటి మాత్ర మానేయడం మాత్రం ఆయనకు మంచి చేయలేదు" అన్నారు. ఆమె మమ్మల్ని నిందించలేదు. కాని ఆ జవాబు మా వెంటే ఉంది. సబర్ అనే పవిత్రమైన మాటను మేము తెలియనితనానికి ముసుగుగా వాడామన్నది మాకు ఆ వరండాలో తెలిసింది. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భరోసా ఉంచాలన్న బోధను మేము ఎన్నిసార్లు వినిపించి ఉంటామో! ఆ తాడు మా చేతిలో ఉన్నప్పుడు మేమే వదిలేశాము.

ఒక రోజు ఫలితం చివరి తీర్పు కాదు. మందు పరీక్ష విఫలమైతే రోగిని ఆసుపత్రిలో ఉంచి, నీరు తగ్గించే మందులు, గుండెకు బలమిచ్చే మందులు సిర ద్వారా ఇస్తూ ఒత్తిడిని గమనిస్తారు. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లోనే నిరోధం దిగుతుంది. దిగకపోతే ఎడమ గదికి సాయంగా యంత్రాన్ని అమర్చి, మూడు నుంచి ఆరు నెలల తరువాత మళ్లీ కొలిచే పద్ధతి ఉంది. ఆ యంత్రం ఖర్చు మనవంటి కుటుంబాలకు అందేది కాదు. నాళాలు పూర్తిగా మారిపోయినవారికి గుండె, ఊపిరితిత్తులు కలిపి మార్చే శస్త్రచికిత్సను 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో తొలిసారి విజయవంతంగా చేశారు. అది ఇంకా అరుదైనది, ఇంకా క్లిష్టమైనది.

మా ముఅజ్జిన్ సాహెబ్ పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. తొమ్మిది కిలోల నీరు దిగింది. ఇంటికి వచ్చాక ఒక్క మాత్ర తప్పకుండా వేసుకున్నారు. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేస్తే సగటు ఒత్తిడి 30, వెడ్జ్ 18, నిమిషానికి 4.3 లీటర్లు. వ్యత్యాసం 12. నిరోధం సుమారు 2.8 యూనిట్లు. అల్ హమ్దులిల్లాహ్, ఆయన పేరు జాబితాలో చేరింది.

ధర్మం ఏమంటుంది?

ఇక్కడ పాఠకులు మమ్మల్ని అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. మరొకరి గుండెను స్వీకరించడం ధర్మసమ్మతమేనా? మార్పిడికి గుండెను మరణించిన దాత నుంచే తీసుకోవాలి. అందువల్ల మెదడు మరణాన్ని మరణంగా పరిగణించాలా అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో దీనిని చర్చించి, మెదడు పూర్తిగా, తిరిగి కోలుకోలేని విధంగా ఆగిపోయిందని నిపుణులైన వైద్యులు ధ్రువీకరిస్తే మరణంగా పరిగణించవచ్చునని తీర్మానించింది. 1988లో జిద్దా సమావేశంలో షరతులతో అవయవ మార్పిడిని అనుమతించింది. దాత గాని, మరణానంతరం వారసులు గాని సమ్మతించాలి. అవయవాన్ని అమ్మరాదు, కొనరాదు. మన దేశంలో 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం కూడా అవయవాల వ్యాపారాన్ని నిషేధించింది.

మన దేశపు ధర్మవేత్తల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. మానవ దేహపు గౌరవాన్ని ఆధారం చేసుకుని మరణానంతర దానాన్ని అంగీకరించని పెద్దలున్నారు. ప్రాణరక్షణ అవసరాన్ని ఆధారం చేసుకుని అనుమతించినవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో మేము ఫత్వా ఇవ్వడం లేదు. మీరు విశ్వసించే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. అయితే ముందుగానే అడగండి. దాత దొరికిన రాత్రి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు చర్చించుకునేందుకు సమయం ఉండదు. దేహం నుంచి తీసిన గుండెను సాధారణంగా నాలుగు గంటల లోపలే మరో దేహంలో అమర్చాలి.

మాకు నిస్సందేహంగా తోచే విషయం మాత్రం ఒకటి ఉంది. ఆ గుండె అమానతు. ఎవరో తల్లి, ఎవరో తండ్రి తమ బిడ్డను పోగొట్టుకున్న గంటలోనే గుండెను చిక్కబట్టుకుని ఇచ్చిన సొత్తు అది. దానికోసం ఎదురుచూసేవారు ఇంకెందరో ఉంటారు. ఊపిరితిత్తుల నిరోధాన్ని కొలవకుండా ఆ గుండెను అమర్చి, అది కొన్ని గంటల్లో ఆగిపోతే ఇద్దరు నష్టపోయినట్లు. ఈ రోగి ప్రాణం పోతుంది. అదే గుండెతో బతకగలిగిన మరొకరి అవకాశమూ పోతుంది. అందువల్ల ఆ పరీక్ష రోగి పట్ల దయ, దాత పట్ల కృతజ్ఞత, జాబితాలోని ఇతరుల పట్ల న్యాయం. అమానతును దానికి తగిన చోటికి చేర్చడం ఎంత ముఖ్యమో మేము ఇన్నేళ్లుగా వ్యాపారం గురించి, సాక్ష్యం గురించి చెబుతూ వచ్చాము. గుండె గురించి కూడా చెప్పవలసి వస్తుందని అనుకోలేదు.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్ బృందం చేసింది. మన రాష్ట్రంలో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో 2016లో, తిరుపతిలోని శ్రీ పద్మావతి హృదయాలయంలో 2023లో గుండె మార్పిడులు జరిగాయి. పుట్టపర్తిలోని ఆసుపత్రి 1991 నుంచి గుండె శస్త్రచికిత్సలను ఉచితంగా చేస్తోంది. దాతల అవయవాల కేటాయింపు జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతుంది. కాబట్టి ఇది ధనవంతుల విషయమని, మహానగరాల విషయమని మనం పక్కన పెట్టనవసరం లేదు.

ఇంట్లో గుండె బలహీనపడిన రోగి ఉన్నవారికి మా అనుభవం నుంచి కొన్ని మాటలు.

నీటి మాత్రను వైద్యుని అడగకుండా మానకండి. ప్రయాణమని, పెళ్లి అని, తరావీహ్ అని వాయిదా వేయకండి. వుజూ నిలవని రోగికి ధర్మశాస్త్రంలో ప్రత్యేక నియమాలున్నాయి, వాటిని అడిగి తెలుసుకోండి. ఉపవాసం ఉండాలా వద్దా అన్నది రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోండి. వద్దంటే ఆ సడలింపును సంతోషంగా స్వీకరించండి. అది అల్లాహ్ చేసిన దయ, దానిని తిరస్కరించడం భక్తి కాదు.

ప్రతి ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు బరువు చూసి పుస్తకంలో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన బలం కాదు, చేరిన నీరు. వెంటనే వైద్యునికి తెలపండి. మన సీమ భోజనంలో ఊరగాయ, ఊరుమిండి, కారప్పొడి లేకుండా ముద్ద దిగదు. ఈ రోగికి మాత్రం ఉప్పు శత్రువు.

కేథటర్ పరీక్ష అన్నప్పుడు భయపడి వెనక్కు రాకండి. మూడు సంఖ్యలు ఎంత వచ్చాయో అడగండి. మందు ఇచ్చాక ఎంత మారిందో అడగండి. మళ్లీ ఎప్పుడు కొలుస్తారో అడగండి. జాబితాలో చేరిన తరువాత కూడా మూడు నుంచి ఆరు నెలలకొకసారి ఈ కొలత తీయవలసి రావచ్చు. నిరీక్షణ కాలంలో నిరోధం మళ్లీ పెరగవచ్చు గనుక అది అవసరం.

పిల్లల గొంతు నొప్పిని చిన్న విషయమని వదలకండి. కొన్ని రకాల గొంతు ఇన్ఫెక్షన్లు చికిత్స లేక కీళ్లవాతానికి, ఆపై గుండె కవాటాలు ఇరుకవడానికి దారి తీస్తాయి. ఎడమవైపు కవాటం ఇరుకైనా ఊపిరితిత్తుల్లో ఇదే ఒత్తిడి పెరుగుతుంది. మన పల్లెల్లో ఎందరో యువతులకు ఈ జబ్బు ఉందని గర్భం దాల్చిన తరువాతే బయటపడుతోంది.

చివరిగా, ఇమాములకు, మా తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. జనం మన దగ్గరకు దుఆ కోసం వస్తారు, సలహా కోసం కూడా వస్తారు. దుఆ చేయడానికి మనకు వైద్యశాస్త్రం రానవసరం లేదు. సలహా ఇవ్వడానికి మాత్రం తెలిసి ఉండాలి. తెలియనప్పుడు "మాకు తెలియదు, వైద్యుని అడుగుదాము, మేము కూడా వెంట వస్తాము" అనడం ఆలిమ్‌కు చిన్నతనం కాదు. మన పూర్వ ఇమాములు తెలియదు అనడానికి వెనుకాడలేదని మనమే విద్యార్థులకు చెబుతాము గదా.

ముఅజ్జిన్ సాహెబ్ ఇప్పుడు మస్జిదు పక్క ఇంట్లోనే ఉంటున్నారు. ఫోను ఎప్పుడూ తలగడ పక్కనే, చార్జింగులోనే ఉంటుంది. ప్రయాణానికి ఒక సంచి సర్ది తలుపు దగ్గర ఉంచారు. ఆ ఫోను వస్తుందో రాదో, ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. అది మోగిన రాత్రి మరో ఇంట్లో ఏడుపు వినిపిస్తుందని కూడా ఆయనకు తెలుసు. అందుకే దాత త్వరగా దొరకాలని ఆయన దుఆ చేయరు. "ఆ రోజు వస్తే ఆ ఇంటివారికి ఓర్పునివ్వు" అని చేస్తారు.

అజాన్ ఇప్పుడు ఆయన పన్నెండేళ్ల కుమారుడు ఇస్తున్నాడు. ఇషా తరువాత తండ్రి నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చుని, ఎక్కడ శ్వాస తీసుకోవాలో, ఎక్కడ ఆపకూడదో పిల్లవాడికి నేర్పుతున్నారు. తరువాతి కొలత వచ్చే నెలలో. ఈసారి బెంగళూరుకు ఏ రోజు వెళ్లాలో ఆ ఇంటివారు మమ్మల్ని అడగలేదు. బండి ఎన్ని గంటలకు బయలుదేరుతుందో మేమే వారిని అడిగాము.